మూడు తరములకు ఆవల : వంశచరిత్ర నెరుగు మార్గములు

గయాక్షేత్రములోగాని, కాశిలోగాని, తన ఊరి నదీతీరమునగాని పితృకార్యమునకు కూర్చుండిన గృహస్థుని పురోహితుడు అడుగు ప్రశ్నలు కొద్దియే. గోత్రమేమి? తండ్రి పేరేమి? తాత పేరేమి? ముత్తాత పేరేమి? మొదటి మూడింటికి తడువుకొనక సమాధానము వచ్చును. నాలుగవదానికి పలువురు ప్రక్కనున్న అన్నగారి ముఖమో, పినతండ్రిగారి ముఖమో చూతురు. వారును తెలియదని తలయూచినంతమాత్రమున కార్యము ఆగదు. పేరు తెలియనివారికిని శాస్త్రము మార్గము చూపియే యున్నది. కాని ఆ క్షణమున గృహస్థుని మనస్సు చివుక్కుమనును. తనకు ఈ శరీరమును, ఇంటిపేరును, ఇలవేల్పును ఇచ్చిపోయిన యొక మనుష్యుడు, నూరేండ్లు తిరుగునంతలో తన యింటనే పేరులేనివాడైపోయెను.

దేవఋణము, ఋషిఋణము, పితృఋణము అను మూడు ఋణములతో మానవుడు పుట్టుచున్నాడని వేదము చెప్పుచున్నది. ఋణమును తీర్చువాడు ఋణదాత యెవరో తెలిసికొనగోరుట సహజము. అందువలన పూర్వుల పేర్లను, వారి ఊళ్ళను, వారి కాలమును వెదకుట వట్టి కుతూహలము కాదు. అదియును ఒక విధమైన పితృసేవయే. అయితే దీనికొక క్రమము కలదు. శ్రీవైష్ణవులు గురుపరంపరను అనుసంధించునపుడు తమ ఆచార్యునితో మొదలుపెట్టి, ఆయన ఆచార్యుని, ఆయనకు ఆచార్యుడైనవారిని తలచుచు, ఒక్కొక్క మెట్టుగా శ్రీమన్నారాయణుని వరకు ఎక్కుదురు. నడుమ నొక మెట్టును విడువరు. వంశచరిత్రను వెదకువారికిని ఇదియే సూత్రము: తెలిసినదానినుండి తెలియనిదానికి, ఒక్కొక్క మెట్టు. ఏ ప్రసిద్ధపురుషునినుండియో క్రిందికి దిగి తన యింటిని చేరుకొనవలెనని చూచువాడు దారి తప్పును.

ఇంటిలోని ఆధారములు

మొదటి భాండాగారము ఇల్లే. ఆబ్దికమున తండ్రి, తాత, ముత్తాతల పేర్లతోపాటు తల్లి, నాయనమ్మ, తాతగారి తల్లి పేర్లును చెప్పబడును. మహాలయపక్షమున తల్లివైపు పెద్దలు, పినతండ్రులు, మేనమామలు, మేనత్తలు, అత్తమామలు, గురువులు మొదలగు కారుణ్యపితృదేవతలనందరిని పేరుపేరున తలచుట ఆచారము. దీనికై చాల యిండ్లలో ఒక పట్టిక వ్రాసి ఉంచుకొందురు. అది పాత నోటుపుస్తకపు కడపటి పుటలలోనో, పంచాంగపు అట్టలోపలనో ఉండును. పొలముల లెక్కలలో స్త్రీల పేర్లు అరుదు. ఈ పట్టికలలో మాత్రము వారి పేర్లు గోత్రములతో సహా నిలిచియుండును. ఒక యింటి ఆడపడుచు ఏ గోత్రమునకు పోయెనో, ఏ గోత్రమునుండి కోడలు వచ్చెనో చెప్పుటకు దీనికి మించిన ఆధారము లేదు.

పిమ్మట అభివాదనము. అందు ఋషులు, గోత్రము, సూత్రము, శాఖ తెలియును; ఊరు తెలియదు. ఊరిని తరచుగా ఇంటిపేరు చెప్పును. తెలుగువారి ఇంటిపేర్లలో పెక్కు గ్రామనామములే. కాని ఇంటిపేరు చెప్పునది ఒకప్పుడు విడిచివచ్చిన ఊరిని. నిన్నటి తరమువారు కాపురమున్న ఊరిని కాదు. ఈ రెంటికి నడుమ మరి రెండుమూడు ఊళ్ళుండవచ్చును. ఇలవేల్పు ఎవరు, పుట్టువెండ్రుకలు ఏ క్షేత్రమున ఇచ్చెదరు, సమాశ్రయణము ఏ ఆచార్యుల తిరుమాళిగయందు జరిగినది, పెండ్లికి ముందు ఏ గ్రామదేవతకు ముడుపు కట్టెదరు అను ప్రశ్నలకు వచ్చు సమాధానములు ఆ నడిమి ఊళ్ళకు దారి చూపును. ఈ సంగతులు మగవారికంటె ఇంటిలోని వృద్ధస్త్రీలకు ఎక్కువ తెలియును. వారిని అడుగుటకు మంచి దినమును చూడనక్కరలేదు. ఆలస్యము మాత్రము కూడదు.

మరియొక మేలైన ఆధారము జాతకపత్రిక. అందు శకసంవత్సరము, సంవత్సరనామము, మాసపక్షతిథివారనక్షత్రములు, తరచు తండ్రి పేరును ఉండును. తాటాకు గ్రంథము చివర వ్రాయసకాడు తన పేరును, తండ్రి పేరును, వ్రాసి ముగించిన తిథిని చెప్పుకొనుట వాడుక. అట్టి గ్రంథములు అటకమీద నున్నచో చెదలకు విడువక చివరి ఆకును తప్పక చదివింపవలెను.

కాలమును లెక్కించు విధము

ఇంటి ఆధారములకు ఒక లోపము కలదు. తాతగారు పోయిన మాసము, పక్షము, తిథి ఇంటిల్లిపాదికి తెలియును. ఏటేట ఆబ్దికము జరుగుచున్నది గదా! ఏ సంవత్సరమో మాత్రము ఎవరికిని తెలియదు. సంవత్సరము బయటి కాగితములలో ఉండును. అచ్చట తిథి ఉండదు. తిథి ఇంటిలో, సంవత్సరము బయట – ఈ రెంటిని కలుపుటయే వంశచరిత్రను వెదకువాని ముఖ్యమైన పని. దానికి కాలగణన కొంత తెలియవలెను.

శాలివాహనశకమునకు 78 కలిపినచో క్రీస్తుశకము వచ్చును. చైత్రముతో మొదలైన సంవత్సరము ముగియకమునుపే జనవరి వచ్చును గనుక, జనవరి మొదలు ఫాల్గునాంతము వరకు గల తిథులకు 79 కలుపవలెను. రెవెన్యూ కాగితములలోని ఫసలీకి 590 కలుపవలెను; ఫసలీ 1270 అనగా 1860–61. కాశి, ప్రయాగల పుస్తకములలో విక్రమశకము కనిపించును. దానినుండి 57 తీసివేయవలెను. ఉత్తరదేశమున మాసము పూర్ణిమతో ముగియును గనుక, మన మాఘబహుళము వారికి ఫాల్గునకృష్ణపక్షమగును. ఇది తెలియక తిథిని ఒక నెల వెనుకకో ముందుకో జరుపుకొన్నవారు ఉందురు.

ప్రభవాది సంవత్సరనామములు అరువది యేండ్ల కొకమారు తిరిగివచ్చును. ఒక కాగితముమీద ‘దుందుభి’ అని మాత్రమే యున్నచో అది 1862–63 కావచ్చును, 1922–23 కావచ్చును, 1982–83 కావచ్చును. జాతకచక్రమున్నచో చిక్కు విడును. గురుడు, శని అరువది యేండ్లకు ఇంచుమించు అవే రాశులకు వత్తురు గనుక వారివలన ఏ ఆవృత్తియో తేలదు. రాహువు అట్లు రాడు; అరువది యేండ్లలో మూడు చుట్లు ముగించి నాల్గవ చుట్టులో కొంతదూరము పోయియుండును. కనుక రాహుస్థానమును పంచాంగముతో సరిచూచినచో తాతగారి దుందుభియో ముత్తాతగారి దుందుభియో తెలిసిపోవును.

తాళ్ళపాకవారి దృష్టాంతము

ఈ మార్గములన్నియు ఒకచోట కలిసిన దృష్టాంతమును శ్రీవారి భక్తులు ఎరుగని వారు కారు. అది పదకవితాపితామహుడైన తాళ్ళపాక అన్నమాచార్యుని వంశము. తాళ్ళపాక అనునది రాజంపేటకు చేరువనున్న గ్రామము, ఇంటిపేరు గ్రామనామమే. ఆ వంశమువారి సంకీర్తనలు రాగిరేకులపై చెక్కబడి తిరుమల ఆలయములోని సంకీర్తన భాండాగారమున చేరి, చిరకాలము లోకము మరచియుండగా, ఇరువదవ శతాబ్దమున వెలుగునకు వచ్చినవి. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి మున్నగు పండితుల కృషిచే వాని విలువ లోకమునకు తెలిసినది.

అన్నమాచార్యుడు ఎప్పుడు జన్మించెను? ఆయన పౌత్రుడు చినతిరువేంగళనాథుడు, చిన్నన్న యని ప్రసిద్ధుడు, ద్విపదలో తాతగారి చరిత్రమును రచించెను. దానిని ప్రభాకరశాస్త్రి విపులమైన పీఠికతో 1949లో ప్రకటించెను. అందు వైశాఖమాసము, విశాఖానక్షత్రము చెప్పబడినవి. ఇల్లు గుర్తుంచుకొన్నది అది. సంవత్సరము తేలినది రాగిరేకునుండి. శాలివాహనశకము 1346 క్రోధిసంవత్సరమున, అన్నమాచార్యునికి పదునారేండ్ల వయసున, స్వామి ప్రత్యక్షమైనట్లును, నాటినుండి సంకీర్తనలు చెప్పినట్లును, శకము 1424 దుందుభి ఫాల్గున బహుళ ద్వాదశి వరకు ఆ రచన సాగినట్లును అందు కలదు. 1346 నుండి 16 తీసివేయగా 1330, సర్వధారి. దానికి 78 కలుపగా క్రీ.శ. 1408. అంత్యతిథి ఫాల్గునమాసమునందు గనుక 1424కు 79 కలుపగా క్రీ.శ. 1503. ఇంటివాడు వ్రాసిన కావ్యము మాసనక్షత్రముల నిచ్చెను. లోహము సంవత్సరము నిచ్చెను. రెండును కలిసినపుడే జన్మకాలము పూర్ణమైనది.

ఇచ్చట నొక పొరపాటునకు చోటుండుటను గమనింపవలెను. శకము 1346 అనగా క్రీస్తుశకము 1424. ఆయన పరమపదించినది శకము 1424. ఒకే అంకె ఒకచోట సంకీర్తనారంభమును, మరియొకచోట నిర్యాణమును చెప్పుచున్నది. ఏ శకమో వ్రాసికొనక అంకెను మాత్రమే ఎత్తి వ్రాసికొన్నవానికి డెబ్బదియెనిమిదేండ్ల తేడా వచ్చును.

పేర్ల విషయమునను ఈ వంశము పాఠము చెప్పును. అన్నమాచార్యుని తాత నారాయణయ్య, తండ్రి నారాయణసూరి. కుమారుడు పెదతిరుమలాచార్యుడు, పౌత్రుడు చినతిరుమలాచార్యుడు. ఆ పౌత్రునికే అన్నమయ్య యను తమ్ముడును, పెదతిరువేంగళనాథుడు, చినతిరువేంగళనాథుడు, కోనేటి తిరువేంగళనాథుడు అను తమ్ములును కలరు. తాతపేరు మనుమనికి పెట్టు ఆచారముగల మన యిండ్లలో ఒకే పేరుగలవారు ఇద్దరు ముగ్గురుందురు. వారిని ఒకనిగా కలిపివేసినచో ఒక తరము మాయమగును. పెద్ద, చిన్న, కోనేటి వంటి చిన్న గుర్తులే వారిని వేరుచేయును. ఇక ఆ యింటి స్త్రీలు: తల్లి లక్కమాంబ, భార్యలు తిమ్మక్క, అక్కలమ్మ. సుభద్రాకల్యాణమును రచించిన తిమ్మక్క పేరు సాహిత్యమున నిలిచినది. ఇంటివారు వ్రాసి పెట్టినందుననే ఈ పేర్లు మనకు దక్కినవి.

ఆలయములు, క్షేత్రములు

తాళ్ళపాకవారి దానములు తిరుమల శాసనములలోను కలవు. అందు వారి భారద్వాజగోత్రము, ఆశ్వలాయనసూత్రము, ఋక్శాఖ పేర్కొనబడినవి. ఇది ఒక వంశమునకే పరిమితమైన సంగతి కాదు. దాత పేరు, తండ్రి పేరు, ఊరు, కొన్నిట గోత్రసూత్రములు, సమర్పించిన ధనమో గ్రామమో, దానితో జరుగవలసిన నైవేద్యము, ఆ ప్రసాదములో దాతకు రావలసిన భాగము శాసనములలో చెప్పబడును. ఆ భాగము తిరుమలలో సాధారణముగా నాల్గవపాలు. అది దాత సంతతివారికి పరంపరగా చెందునట్లు వ్రాయబడినది. తిరుపతి దేవస్థానము ఈ శాసనములను 1931 మొదలు ఆరు సంపుటములుగా ప్రకటించినది. సింహాచలము, శ్రీకూర్మము, దాక్షారామము శాసనములు కేంద్రప్రభుత్వ శాసనశాఖవారి దక్షిణభారత శాసన సంపుటములలో కలవు. ఈ సంపుటములను తిరుగవేయువారు ముందు తమ ఊరిపేరును వెదకవలెను. తమ పూర్వుల పేర్లను పిమ్మట. పేర్లు అందరికి ఒకటే, ఊరు ఒక్కటే.

క్షేత్రపురోహితుల పుస్తకములు మరియొక నిధి. కాశి, ప్రయాగ, గయ, హరిద్వారములలోని పండాలు తమ యజమానుల పేర్లను ప్రాంతము, గ్రామము, కులము ననుసరించి వహీలలో వ్రాసియుంచు ఆచారము తరతరములుగా వచ్చుచున్నది. యాత్రకు వచ్చినవాడు తనవెంట వచ్చినవారి పేర్లు, తండ్రితాతల పేర్లు చెప్పి, చేవ్రాలు చేసిపోవును. 1830–31లో ఏనుగుల వీరాస్వామయ్య చెన్నపట్టణమునుండి కాశికి పోయివచ్చి తన యాత్రాచరిత్రను వ్రాసెను. రైలు రాకమునుపే తెలుగువారు అంతదూరము పోయి వచ్చిరనుటకు అది సాక్ష్యము. కనుక కాశీయాత్రకు పోవువారు తమ జిల్లా, పాత తాలూకా, పూర్వుల గ్రామము పేర్లు వ్రాసికొని పోయి, ఆ ప్రాంతపు పండా ఎవరో విచారింపవలెను. ముత్తాత చేవ్రాలు కనిపించినచో అది దొరకిన పుణ్యము. కనిపింపకున్నను, తమ పేర్లను, తమకు తెలిసిన మూడు తరముల పేర్లను అందు వ్రాయించి రావలెను. రేపటి మనుమనికి అదియే ఆధారము.

గ్రామపు లెక్కలు

పొలమున్న వంశమునకు పొలమే సాక్షి. మద్రాసు రాజధానిలో 1858లో ఇనాము కమిషను ఏర్పడి, ఇనాములన్నిటిని విచారించినది. అప్పుడు తయారైన ఇనాము రిజిస్టరులలో మొదట ఇనాము పొందినవాని పేరు, ఇచ్చినవాని పేరు, విచారణకాలమున అనుభవించుచున్నవాని పేరు, వయసు, వారిద్దరి సంబంధము వ్రాయబడినవి. అర్చకులకే కాక ఆలయమున మేళము వాయించువారికి, దీపము పెట్టువారికి, పల్లకి మోయువారికి కూడ సేవా ఇనాములుండెడివి. కావున శాసనమెరుగని సామాన్యసేవకుల వంశములును ఈ కాగితములలో నిలిచినవి. తెలంగాణమున సేత్వారు, 1954–55 నాటి ఖాస్రా పహాణీ, ఇనాములకు ముంతఖబు ఇట్టి పని చేయును. రిజిస్ట్రారు కచేరీలోని పాలుపంపకపు దస్తావేజు ఒక్కటి దొరకినచో అన్నదమ్ములందరు, వారి తండ్రి, ఒక్కొక్కపుడు తాతయు బయటపడుదురు. 1984లో కరణముల వ్యవస్థ రద్దైనది. ఆ యిండ్లలో మిగిలిన పాత కవిలెకట్టలను పాతసామానులవానికి వేయక చదువగలవారికి చూపుట పుణ్యము.

ఊరిచరిత్రకు కైఫియతులు కలవు. కల్నల్ మెకంజీ తన సర్వేపనిలో కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల వంటి తెలుగుపండితుల సాయమున గ్రామగ్రామమునుండి చరిత్రలను సేకరించెను. వానిలో పెక్కింటికి సి.పి. బ్రౌను ప్రతులు వ్రాయించెను. ఊరెవరు కట్టించిరి, గుడికి మాన్యమెవరు ఇచ్చిరి, ఏ కరువులో ఊరు ఖాళీయైనది అను సంగతులు అందుండును. ఒక వంశము ఊరు విడిచిన కారణము ఒక్కొక్కపుడు అచ్చట దొరకును.

సముద్రము దాటిపోయినవారికిని దారి మూసుకొనిపోలేదు. మారిషసునకు 1834 నుండి, నేటాలునకు 1860 నుండి కూలిపనులకు పోయినవారిలో తెలుగువారును కలరు. ఆ ఓడల పట్టికలలో మనిషి పేరు, తండ్రి పేరు, వయసు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము వ్రాయబడినవి. మారిషసు పట్టికలు అచ్చట మోకాలోని మహాత్మాగాంధీ సంస్థయందు భద్రముగా నున్నవి. గోవిందనామమును మరువని ఆ సంతతివారు పూర్వుల ఊరిని వెదకుచు వచ్చినపుడు, ఆ ఊరివారు వారిని ఆదరించి తమకు తెలిసినది చెప్పవలెను.

తప్పక పాటింపవలసిన జాగ్రత్త

ఇంటిపేరు ఒకటైనంతమాత్రమున వంశము ఒకటి కాదు. ఒకే ఊరినుండి వేరువేరు గోత్రములవారు వలసపోయి అదే ఊరిపేరును ఇంటిపేరుగా ధరించియుందురు. గోత్రము ఒకటైనంతమాత్రమున బంధుత్వము ఇన్నవతరమని నిర్ణయించుటకు వీలులేదు. బడి రిజిస్టరులోని పుట్టినతేదీని జాతకముతో సరిచూడక నమ్మరాదు. బడిలో చేర్చుకొనుటకై వయసు హెచ్చించుటయు తగ్గించుటయు ఉండెడిది. విన్నదానిని విన్నట్లు, చూచినదానిని చూచినట్లు వేరువేరుగా వ్రాసికొనవలెను. ఎవరు చెప్పిరి, ఏ కాగితమున చూచితిమి అను మాట ప్రతి పేరుప్రక్కను ఉండవలెను.

అన్నిటికంటె పెద్ద ఆపద కీర్తికాంక్ష. నడుమ రెండు తరములు తెలియకున్నను, ఏ మహాకవికో, ఏ మంత్రికో, ఏ ఆచార్యునికో తమ వంశమును అతికించుకొనవలెనను కోరిక పలువురికి కలుగును. దానివలన హాని లేదని తలచుట పొరపాటు. వంశవృక్షమున ఒక స్థానమున ఒక్కనికే చోటు. అచ్చట అబద్ధపు పేరు నిలిపినచో నిజమైన ముత్తాత తొలగిపోవును. ఆయన ఎకరము పొలము దున్నుకొని, ఏకాదశి ఉపవాసముండి, ఎడ్లబండి కట్టుకొని ఏడుకొండలవాని దర్శనమునకు వచ్చిపోయిన సామాన్యుడే కావచ్చును. ఆయనకు చెందవలసిన తిలోదకమును ప్రసిద్ధుడైన పరాయివానికి ఇచ్చుట పితృసేవ యెట్లగును? పుట్టుకవలన గొప్పతనము వచ్చునను గర్వమునకు వైష్ణవమున చోటు లేదు. తిరుప్పాణాళ్వారు ఏ కులమున పెరిగెనో ఎరిగియే శ్రీరంగనాథుడు ఆయనను భుజములపై మోయించి తన సన్నిధికి రప్పించుకొనెను. పూర్వులను వెదకునది గొప్ప చెప్పుకొనుటకు కాదు, కృతజ్ఞత చెప్పుకొనుటకు.

ఒక్కొక్కరు ఎంత వెదకినను ఒక మెట్టుకడ ఆగిపోవలసివచ్చును. చింతింపనక్కరలేదు. గోత్రము తెలియనివారికి సర్వప్రజలకు మూలపురుషుడైన కశ్యపుని పేర కాశ్యపగోత్రమును పెద్దలు విధించిరి. పేరు తెలియనివారికి, పిండమిచ్చువారు లేనివారికి సైతము ఒక దోసెడు నీరు విడుచు విధి తర్పణమున కలదు. తెలియని మెట్టును ఖాళీగా విడిచి, ఆ నీటిని శ్రద్ధతో విడుచుట అబద్ధపు పేరును చెప్పుటకంటె మేలు.

కాని నేటి గృహస్థుడు రేపటి ముత్తాత. ఆయనను గురించి ఆ ఖాళీ మిగులకుండుట ఆయన చేతిలోనే యున్నది. రానున్న ఏకాదశినాడు ఒక మంచి పుస్తకము తెచ్చి, గోత్రసూత్రములు, పూర్వుల ఊరు, ఇలవేల్పు, ఆచార్యుల తిరుమాళిగ, తండ్రివైపు మూడు తరములు, తల్లివైపు మూడు తరములు, ఆడవారి పేర్లతో సహా, తిథికి ప్రక్కన సంవత్సరమును చేర్చి వ్రాసి, పెరుమాళ్ళ సన్నిధిలో ఉంచవలెను. ఎన్నడో ఒకనాడు ఒక పురోహితుడు నాలుగవ ప్రశ్నను అడుగును. ఆనాటి మనుమడు ఎవరి ముఖమును చూడక సమాధానము చెప్పును.